సెకండ్ హ్యాండ్ కారు మెకానిక్‌కి చూపించి కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు కొనబోతున్న ప్రతివాళ్ళూ నన్ను అడిగేవి దాదాపు ఇవే, ఒక్కొక్కళ్ళకి విడివిడిగా టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. నేను మెకానిక్‌ని కాదు. ఇప్పటిదాకా నాలుగు పాత బండ్లు కొన్నా, మొదటిది గట్టి దెబ్బేసింది, మిగతా మూడూ ఆ దెబ్బకి బుద్ధొచ్చి చూపించి కొన్నవి.

నేనే నడిపి చూశా, బండి సూపర్‌గా ఉంది. ఇంకా మెకానిక్ దేనికి?

నేనూ అచ్చం ఇలాగే అన్నా. సీటు కవర్లు కొత్తవి, పెయింట్ తళతళలాడుతోంది, పావుగంట తిప్పా, పికప్ బాగుంది, అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశా. నేను వెళ్ళేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది, "ఇప్పుడే కడిగించుకొచ్చానండీ" అన్నాడు అమ్మేవాడు, పాపం మన కోసం శ్రమ పడ్డాడు అనుకున్నా గానీ ఎందుకు వేడి చేసి ఉంచాడో తట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు స్టార్ట్ చేస్తే నీలం పొగ గుప్పుమంది. వాల్వ్ సీల్స్ పోయాయి, రాత్రంతా ఆయిల్ సన్నగా సిలిండర్లలోకి దిగి, పొద్దున స్టార్ట్ చేయగానే అది కాలి పొగొస్తుంది, బండి వేడెక్కాక పొగ మాయం. అంటే నేను చూసిన ఆ పావుగంటలో కనపడే అవకాశమే లేదు. మెకానిక్ అయితే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేవాడు, వేడిగా ఉంటే "రేపు పొద్దున వస్తాం, మేం వచ్చేదాకా తాళం ముట్టుకోకండి" అనేవాడు.

ఎప్పుడు చూపించాలి, అడ్వాన్స్ ఇచ్చాకా ముందా?

ముందే. డబ్బులు ఇచ్చాక మనకే బండి మీద మోజు పెరుగుతుంది, మెకానిక్ ఏం చెప్పినా "అది చిన్నదేలే" అనిపిస్తుంది. బండి నచ్చింది, రేటు కూడా దాదాపు కుదిరింది, అప్పుడు "మా మెకానిక్ చూసి ఓకే అంటే తీసుకుంటా" అని చెప్పండి. వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారేమో అని భయముంటే చిన్న టోకెన్ ఇవ్వొచ్చు, కానీ చెకింగ్‌లో తేడా వస్తే వాపసు ఇస్తామని రాయించుకుని ఇవ్వండి, కనీసం మెసేజ్‌లో అయినా. చూసిన ప్రతి బండినీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళక్కర్లేదు, అది దండగ, ఒక్కటి ఖాయం అనుకున్నాకే.

ఏ మెకానిక్‌కి చూపించాలి?

అమ్మేవాళ్ళకి తెలియని మెకానిక్‌కి. వాళ్ళు "మా దగ్గర మంచి మెకానిక్ ఉన్నాడు, ఇప్పుడే పిలుస్తా" అన్నారంటే నవ్వి ఊరుకోండి. మధ్యవర్తి తెచ్చిన మెకానిక్ కూడా వద్దు, బండి అమ్ముడైతే అతనికీ కమిషన్ ముడుతుందేమో మనకెలా తెలుస్తుంది. ఆ కంపెనీ బండ్లు రోజూ రిపేర్ చేసేవాడైతే బెస్ట్, ఎందుకంటే ప్రతి మోడల్‌కీ ఒక జబ్బు ఉంటుంది, ఒకదానికి స్టీరింగ్ ర్యాక్, ఇంకోదానికి టైమింగ్ చైన్ (వాల్వ్‌లనీ పిస్టన్లనీ వేళకి కలిపి నడిపే గొలుసు), అది తెలిసినవాడు సరాసరి అక్కడికే వెళ్ళి చూస్తాడు. లిఫ్టో ర్యాంపో ఉన్న షెడ్డు కావాలి, కింద నుంచి చూడకపోతే సగం బండి చూసినట్టే.

ఫీజు విషయంలో బేరం ఆడకండి. బండి ధర ముందు అది చాలా చిన్న ముక్క. ఫ్రీగా చూసిపెట్టమంటే అతను నిలబడి చూసి పంపిస్తాడు, డబ్బు తీసుకుంటే బండి కింద పడుకుని చూస్తాడు.

అమ్మేవాళ్ళు మెకానిక్‌కి చూపించడానికి ఒప్పుకోకపోతే?

ముందు కారణం అడగండి. తెలియని మనిషికి బండి ఇచ్చి పంపడానికి భయపడేవాళ్ళు నిజంగానే ఉంటారు, అందులో తప్పులేదు, అలాంటప్పుడు "మీరే నడపండి, మీరూ రండి" అనొచ్చు, లేదా మెకానిక్‌నే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. రెండింటికీ ఒప్పుకోకుండా "బండి బంగారం, చెకింగ్ ఎందుకు" అని గొంతు పెంచితే మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. వచ్చేయండి. ఎంత చవగ్గా ఇస్తానన్నా సరే.

ఎంతసేపు పడుతుంది, ఏమేం చూడాలి?

సరిగ్గా చూస్తే టెస్ట్ డ్రైవ్‌తో కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు. పది నిమిషాల్లో యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి "ఇంజిన్ సాఫీగా ఉంది, తీస్కోండి" అంటే మీ డబ్బులు పోయినట్టే.

చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టాలి, ఇది పైన చెప్పా, మళ్ళీ చెప్తున్నా. స్టార్ట్ చేయకముందే ఆయిల్ లెవెల్, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) రంగు చూస్తారు. ఆయిల్ మూత అడుగున కాఫీలో పాలు కలిసినట్టు తెల్లటి జిగురు కనపడితే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందేమో అని అనుమానం, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ సిలిండర్లకీ మధ్య ఉండే సీలు) పని అంటే పెద్ద పని. కాకపోతే చలికాలంలో దగ్గర దగ్గర దూరాలు మాత్రమే తిరిగిన బండికి మూతకి కొంచెం అంటుకోవడం మామూలే, అది తేమ, అందుకే మంచి మెకానిక్ డిప్‌స్టిక్ కూడా తీసి చూస్తాడు, కూలెంట్ డబ్బాలో నూనె తేలుతోందా అని కూడా చూస్తాడు, ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పడు.

స్టార్ట్ చేశాక మొదటి కొన్ని సెకన్లు చెవి పెట్టి వినాలి, టైమింగ్ చైన్ వదులైతే గొలుసు గలగలలాడినట్టు వినిపించేది అప్పుడే. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే గాలి బుసబుసమని తన్ని పొగ పైకొస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయేమో అని కంప్రెషన్ టెస్ట్ చేస్తారు, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి కొలుస్తారు. అందులో నంబర్ ఎంత వచ్చింది అన్నదానికంటే అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం, ఒకదానికొకటి 10, 15 శాతం మించి తేడా ఉంటే ఆలోచించాలి.

గొలుసుకి బదులు టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. చాలా కంపెనీలు మోడల్‌ని బట్టి లక్ష కిలోమీటర్లకి అటూ ఇటూగా మార్చమంటాయి, కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది. బెల్ట్ తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్ళి వాల్వ్‌లకి కొట్టుకుంటాయి, అక్కడితో ఇంజిన్ విప్పాల్సిందే. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి.

తర్వాత లిఫ్ట్ మీద ఆయిల్ లీకులు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగాయా, బ్రేక్ పైపులు, సైలెన్సర్, తుప్పు. ఇంజిన్ బే అద్దంలా కడిగేసి ఉంటే సంతోషపడకండి, లీకుల జాడ కూడా అందులోనే కొట్టుకుపోయి ఉండొచ్చు. అందుకే టెస్ట్ డ్రైవ్ తర్వాత ఇంకోసారి కిందకి తొంగి చూడమనండి.

పొగ రంగుని బట్టి ఏం తెలుస్తుంది?

నీలం అంటే ఆయిల్ కాలుతోంది. నలుపు అంటే డీజిలో పెట్రోలో సరిగ్గా కాలట్లేదు, ఇంజెక్టర్లదో ఎయిర్ ఫిల్టర్‌దో సెన్సర్‌దో లోపం, కొన్నిసార్లు చిన్న ఖర్చుతో పోతుంది. చిక్కటి తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ కాలుతోంది. చల్లటి పొద్దున సన్నగా తెల్లగా వచ్చి కాసేపటికి పోయేది నీటి ఆవిరే, దానికి కంగారు పడి బండి వదిలేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

స్కానర్ పెట్టి ఒక్క ఎర్రర్ కూడా లేదన్నాడు. అంటే ఇంజిన్ పక్కాగా ఉన్నట్టేనా?

కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే సాకెట్) అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, యూరప్‌లో కొత్త పెట్రోల్ కార్లకి 2001 నుంచి తప్పనిసరి అయింది, కాబట్టి ఇప్పుడు మార్కెట్లో దొరికే బండ్లలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. స్కానర్ పెడితే కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లు చూపిస్తుంది, పీ0300 అంటే మిస్‌ఫైర్, పీ0420 అంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదు, ఇలాగ. కానీ అదే స్కానర్‌తో ఒక్క బటన్ నొక్కి ఆ కోడ్‌లన్నీ చెరిపేయొచ్చు కూడా. మీరు వచ్చే ముందు పార్కింగ్‌లోనే చెరిపేస్తే మీకు కనపడేది ఖాళీ పలకే.

దీనికి విరుగుడు ఉంది. కోడ్‌లు చెరిపినప్పుడు బండి తనని తాను పరీక్షించుకునే టెస్టులు కూడా మొదటికొస్తాయి, వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు, అవి మళ్ళీ పూర్తవ్వాలంటే చల్లగా స్టార్ట్ చేయడం, హైవే మీద నడపడం, ఇలా రకరకాలుగా కొన్ని రోజులు తిరగాలి. "ఎర్రర్ లేదు కానీ మానిటర్లు నాట్ రెడీ" అని వస్తే ఎవరో ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. బ్యాటరీ మార్చాం అంటారు, నిజమే కావొచ్చు, అయితే బ్యాటరీ మీద తేదీ చూడండి. కోడ్‌లతో పాటు మానిటర్ల స్టేటస్ కూడా చూపించమని మెకానిక్‌ని నోరు తెరిచి అడగండి, అడగకపోతే చాలామంది చూడరు. ఇంజిన్ ఒక్కటే కాకుండా ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ మాడ్యూళ్ళు కూడా చదివే స్కానర్ ఉంటే ఇంకా మంచిది.

ఇంకో చిన్న విషయం, ఇగ్నిషన్ ఆన్ చేయగానే డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి తర్వాత ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే బల్బు పీకేశారేమో.

యాక్సిడెంట్ అయిన బండి అని ఎలా పట్టుకుంటారు?

పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటుంది, చాలా బండ్లలో ఫ్యాక్టరీ పెయింట్ సుమారుగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య వస్తుంది, ఒక డోర్ మీద మాత్రం 300 వచ్చిందంటే మళ్ళీ పెయింట్ వేశారు, వెయ్యి దాటిందంటే కింద పుట్టీ పెట్టారు. గేజ్ లేకపోతే గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పెట్టి చూస్తారు, పుట్టీ ఉన్నచోట సరిగ్గా అతుక్కోదు, కానీ ప్లాస్టిక్ బంపర్ మీదా అల్యూమినియం బానెట్ మీదా ఎలాగూ అతుక్కోదు కాబట్టి అది చూసి గొడవ పెట్టుకోకండి.

అయితే ఒక మాట, డోర్ మీద పెయింట్ వేయించడం నేరం కాదు. గేటుకి గీసుకున్నా వేయిస్తారు. మనం భయపడాల్సింది లోపలి ఎముకలు దెబ్బతిన్నాయా అని: ఇంజిన్‌కి అటూ ఇటూ ఉండే ఛాసిస్ లెగ్స్ (ముందు దూలాలు), ఏప్రాన్ (ముందు చక్రాల మీది లోపలి రేకు), పైకప్పుని మోసే పిల్లర్లు, డిక్కీ ఫ్లోర్. డిక్కీలో కార్పెట్ లేపి, స్టెప్నీ తీసి ఆ గుంట చూడాలి, ముడతలు, కొత్త వెల్డింగ్, అక్కడ మాత్రమే వేరే రంగు సీలెంట్ ఉంటే వెనక నుంచి గట్టిగా తగిలింది. ఫెండర్, బానెట్ బోల్టుల తలల మీద పెయింట్ చిట్లి ఉంటే స్పానర్ పడింది. రెండు హెడ్‌లైట్లలో ఒకటి పాతబడి ఇంకోటి మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగాలి, అద్దాల మీద తయారీ గుర్తులు కూడా ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి.

ఎయిర్‌బ్యాగులు పేలిన బండికి చవగ్గా కవర్లు వేసి అమ్మేస్తారు, ఇది ప్రాణాల మీదకొచ్చే మోసం. సీట్ బెల్టులు చివరిదాకా లాగి చూడండి, చాలా బండ్లలో బెల్ట్ అడుగున లేబుల్ మీద తేదీ ఉంటుంది, అది బండి తయారీ కంటే రెండేళ్ళు కొత్తగా ఉంటే దానికో కథ ఉన్నట్టే.

ఛాసిస్ నంబర్ కూడా అదే చేత్తో చూసేయండి, 1981 తర్వాత చాలా దేశాల బండ్లకి 17 అక్షరాల నంబరే, అందులో ఐ, ఓ, క్యూ ఉండవు, అంకెలతో కలిసిపోతాయని. బాడీ మీద ఉన్నదీ కాగితాల్లో ఉన్నదీ అక్షరం అక్షరం కలవాలి. దాంతోనే కంపెనీ రీకాల్ ఏమైనా మిగిలిందా అని కూడా చూసుకోవచ్చు, టకాటా అనే కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలిచారు, మార్చుకోకుండా తిరిగే బండ్లు ఉంటూనే ఉంటాయి.

వరదలో మునిగిన బండిని గుర్తుపట్టొచ్చా?

పట్టొచ్చు, కానీ ఆరబెట్టి బాగా తయారు చేస్తే కష్టమే. ముందు ముక్కు. అద్దాలన్నీ మూసి కాసేపు కూర్చుంటే తడి బట్టలు మగ్గిన వాసన, లేదా దాన్ని కప్పడానికి కొట్టిన సెంటు ఘాటు. తర్వాత సీటు కింద రైలు బోల్టులకి తుప్పు, కార్పెట్ అడుగున చెమ్మ, సీట్ బెల్ట్ చివర్లో బురద చార, డాష్‌బోర్డ్ కింద మెటల్ ముక్కలకి పచ్చటి చిలుము. మామూలుగా వాడిన బండిలో నీళ్ళు వెళ్ళని చోట ఒండ్రు కనపడిందంటే ఇక మాట్లాడేదేముంది. ఇంజిన్ బాగు చేయొచ్చు గానీ వైరింగ్ మాత్రం నెలల తర్వాత ఒక్కొక్క కనెక్టరూ తుప్పు పట్టి చంపుకు తింటుంది. ఇలాంటిది ఎంత తగ్గించినా నేనైతే కొనను.

మీటర్ వెనక్కి తిప్పారా లేదా తెలుస్తుందా?

మీటర్ అబద్ధం చెప్పినా పెడళ్ళ రబ్బరు చెప్పదు. 40 వేలే తిరిగింది అంటారు, క్లచ్ పెడల్ నున్నగా అరిగి, స్టీరింగ్ గుండులా మెరిసి, డ్రైవర్ సీటు పక్క నలిగిపోయి ఉంటాయి. పాత సర్వీస్ బిల్లుల మీద కిలోమీటర్లు వరసగా పేర్చి చూడండి. కొన్ని బండ్లలో కిలోమీటర్లు మీటర్లోనే కాకుండా వేరే మాడ్యూళ్ళలో కూడా నమోదవుతాయి, ఆ బ్రాండ్ స్కానర్ ఉన్నవాడు చదవగలడు.

టైర్ల సంగతి?

టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. కొత్త టైరుకి గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, చాలా దేశాల్లో చట్టం 1.6 దగ్గర ఆపేస్తుంది. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ లేదా సస్పెన్షన్. అమ్మేముందు నాలుగూ కొత్త టైర్లు వేశారంటే పాత టైర్లు చెప్పాల్సిన సాక్ష్యం పోయినట్టే, నేను కొంచెం అనుమానంగానే చూస్తా.

టెస్ట్ డ్రైవ్ నేను చేయాలా మెకానిక్ చేయాలా?

ఇద్దరూ. ముందు అతను, తర్వాత మీరు. అరగంటైనా, అందులో గతుకుల రోడ్డు, కొంచెం ఎత్తు, స్పీడు వెళ్ళగలిగే రోడ్డు ఉండాలి, పాటలు ఆపేయండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తే టకటక శబ్దం వస్తే సీవీ జాయింట్ (యాక్సిల్ చివర చక్రం దగ్గరుండే కీలు) అరిగింది. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికితే డిస్కులు. మూడో, నాలుగో గేర్లో గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ అరుస్తోంది గానీ స్పీడు పెరగట్లేదంటే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే పార్క్ నుంచి డ్రైవ్‌లోకి, రివర్స్‌లోకి వేసినప్పుడు ఎంత ఆలస్యంగా పట్టుకుంటోంది, కుదుపు ఉందా చూడండి, ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్ళేటప్పుడు వణుకు వస్తోందా అన్నది మరీ ముఖ్యం, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతే ఖర్చు ఇంజిన్‌తో పోటీ పడుతుంది.

డీజిల్, ఎలక్ట్రిక్ బండ్లకి తేడాగా చూడాలా?

డీజిల్‌కి టర్బో, ఇంజెక్టర్లు, కొత్త తరం బండైతే డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టర్. ఆ ఫిల్టర్‌లో మసి కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగిన బండిలో అది జామ్ అవుతుంది, కాబట్టి తక్కువ తిరిగిన డీజిల్ బండి అంటే ఎగిరి గంతేయాల్సిన పనిలేదు. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో రిపోర్ట్ తీయించాలి, చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా 70 శాతం కంటే కిందికి పడిపోదని వారంటీ ఇస్తాయి, అది కొత్త ఓనర్‌కి మారుతుందా అన్నది రాతపూర్వకంగా కనుక్కోండి. అడుగున బ్యాటరీ పెట్టెకి దెబ్బలు, సొట్టలు ఉన్నాయేమో లిఫ్ట్ మీద తప్పక చూడాలి.

సర్టిఫైడ్ బండి, అమ్మే డీలర్లే వందల పాయింట్లు చెక్ చేశామంటున్నారు. మళ్ళీ ఎందుకు?

పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుంటే ఎలా ఉంటుందో అలా. నిజాయితీగా చేసేవాళ్ళు లేరని కాదు, వారంటీ కూడా వస్తుంది, మంచిదే. అయినా మీ మెకానిక్ ఒకసారి చూడాలి.

మెకానిక్‌ని ఏమని అడగాలి?

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. "బండి బాగుందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి ఎవరైనా "పర్లేదండీ, బాగానే ఉంది" అంటారు, అది జవాబు కాదు, మర్యాద. "వచ్చే ఏడాదిలో దీనికి నేను ఏమేం చేయించాలి, ఒక్కోదానికి ఎంతవుతుంది?" అని అడగండి. అప్పుడు అతని మొహం మారుతుంది, లెక్కలోకి వస్తాడు, ఫ్రంట్ బుష్‌లు ఆరునెలల్లో, క్లచ్ ఏడాదిలో, బ్యాటరీ ఇప్పుడే, అని ఒక్కొక్కటీ చెప్తాడు. కాగితం మీద రాయించుకోండి, ఫొటోలు తీయించుకోండి. చివర్లో "మీ సొంత డబ్బులైతే ఈ రేటుకి కొంటారా?" అని కూడా అడగండి, నేను మూడో బండి కోసం వెతుకుతున్నప్పుడు ఒకదాని గురించి ఈ ప్రశ్నకి అతను రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. నాకు అర్థమైపోయింది, ఆ బండి వదిలేసి వేరేది చూసుకున్నా.

రిపోర్ట్‌లో చాంతాడంత లిస్టు వచ్చింది, వదిలేయాలా?

పాత బండికి లిస్టు రాకపోతేనే అనుమానపడాలి. బ్రేకులు, టైర్లు, బుష్‌లు, బ్యాటరీ ఇవన్నీ అరిగే సామాన్లు, వాటి ఖర్చు కూడి ఆ కాగితం ముందు పెట్టి రేటు తగ్గించమనండి, గొంతుతో ఆడే బేరం కంటే కాగితంతో ఆడే బేరం తొందరగా తెగుతుంది. ఇంజిన్ ఓవర్‌హీట్, గేర్‌బాక్స్, ఛాసిస్ వంకర, వరద, నంబర్ కలవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బేరమే వద్దు. "మేమే రిపేర్ చేయించి ఇస్తాం" అంటే చవకరకం సామాన్లు పడతాయని గుర్తుంచుకోండి, రేటు తగ్గించుకుని మీరే మీ దగ్గర చేయించుకోవడం మేలు.

మెకానిక్ ఓకే అన్నాడు, కొన్న నెలకే ఏసీ కంప్రెసర్ పోయింది. అతన్ని అడగొచ్చా?

అడగొచ్చు గానీ అతన్ని తిట్టి లాభం లేదు. ఇంజిన్ విప్పకుండా, గేర్‌బాక్స్ విప్పకుండా చూసిన చూపు అది, ఆ రోజు చల్లగా పనిచేస్తున్న కంప్రెసర్ ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడప్పుడూ వచ్చి పోయే కరెంటు సమస్యలు కూడా ఆ రెండు గంటల్లో కనపడకపోవచ్చు. బండి మీద అప్పుందా, అసలు ఓనర్ ఎవరు అన్నవి అతని పని కావు, కాగితాలు మీరే విడిగా చూసుకోవాలి. అందుకే నేను బండి కొనేటప్పుడు చేతిలో ఉన్న మొత్తం పెట్టేయను, పదో వంతైనా పక్కన ఉంచుకుంటా, నాలుగో బండికి మూడో నెల్లో రేడియేటర్ ఫ్యాన్ మోటార్ కాలిపోయినప్పుడు అందులోంచే తీశా.